అడ్డసరము – అయిదు పేర్ల దగ్గుమందు

పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములలో కొన్ని తెలుగు మాటలు వంటింటిని విడువలేదు. కొన్ని పెరటిలోనే నిలిచిపోయినవి. అట్టి పెరటి మాటలలో అడ్డసరము ఒకటి. తమిళనాట మనవారు దానిని నాటుమందుల అంగడిలో ఆడాతోడై యని యడుగుదురు. కన్నడసీమలో అది ఆడుసోగె, మహారాష్ట్రమున అడుళసా, ఒడిశాలో బాసంగ. యానాములో మాత్రము అడ్డసరమే. సంస్కృతమున వాసయనియు వాసకమనియు వ్యవహారము. పేరు మారినను మూలిక మారదు. కాని పేరుతోపాటు దానిని ఏ దగ్గునకు వాడవలెనను వివేకము కూడ జారిపోవుచున్నదేమో యని మా సందేహము.

మేక ముట్టనిది గనుక తమిళులు దానిని ఆడాతోడై యనిరని చెప్పుదురు. ఆ దేశీయ నామమే 1753లో లినేయసు గ్రంథమునకెక్కి, పాశ్చాత్య శాస్త్రమున ‘అధాతోడ’ యై నిలిచినది. పిమ్మట ఉదకమండలమున మదరాసు ప్రభుత్వము పక్షమున క్వినైను పరీక్షలు జరుపుచుండిన రసాయనజ్ఞుడు డేవిడ్ హూపర్ 1888లో దీని ఆకులనుండి ఒక క్షారపదార్థమును వేరుచేసెను. దానికి వాసక శబ్దమునుబట్టి ‘వాసిసీన్’ అను పేరు వచ్చినది. ఒకే మొక్కకు శాస్త్రనామము తమిళము నుండియు, అందలి సారమునకు పేరు సంస్కృతము నుండియు లభించుట ముచ్చటగా నున్నది. 1925లో చోప్రా, ఘోష్ అను వారు దీని గుణములను పరిశీలించిరి. 1959లో అమీన్, మెహతాలు ఊపిరిగొట్టములను విప్పారజేయు ‘వాసిసినోన్’ను గూర్చి ప్రకటించిరి. వాసిసీను అణువును ఆధారముగా గొని జర్మనులు కృత్రిమముగా నిర్మించిన బ్రోమ్‌హెక్సీను 1963లో అంగడికి వచ్చినది. నేడు పెక్కు దగ్గుమందు సీసాలపై కనబడు పేరదియే.

అయితే బ్రోమ్‌హెక్సీను చేయు పని చిక్కబడిన కఫమును పలుచబరచుట. కఫమే లేని పొడిదగ్గునకు దానితో నేమి ప్రయోజనము? ఇచ్చటనే మన ప్రాచీనుల విభాగము గమనింపదగియున్నది. ఆయుర్వేదము కాసను వాత, పిత్త, కఫ, క్షత, క్షయములని అయిదు విధములుగా జెప్పినది. ఎండిన గొంతుతో వచ్చు వాతకాసకు చరకసంహిత మొదట విధించునది ఘృతాది స్నిగ్ధ చికిత్స. వాసకు ప్రధానముగా జెప్పిన స్థానము రక్తపిత్తము; కాస, శ్వాసలును కలవు. అడ్డసరపు సారము జంతువులలో దగ్గును అణచినట్లు 1999లో ఒక పరిశోధన వెలువడినది గాని, మనుష్యులపై గట్టి పరీక్షలు కొలదియే. కావున పొడిదగ్గునకెల్ల అడ్డసరమే యనుట మాకు సమ్మతము కాదు.

మన యిండ్లలో పొడిదగ్గునకు బుగ్గన కరక్కాయ ముక్క, నాలుకపై తేనె, నమలుటకు అతిమధురము ఇచ్చెడివారు. ఇవి గొంతును తడిగా నుంచి గరగరను మాన్పును. వీనిలో తేనెకే సాక్ష్యము బలముగా నున్నది. 2007లో పెన్సిల్వేనియాలో 105 మంది పిల్లలపై జరిపిన పరీక్షలో, ఏ మందు నీయని వారికంటె తేనె పుచ్చుకొన్నవారికి రాత్రి దగ్గు తగ్గి నిద్ర పట్టినది. అతిమధురపు నీటిని శస్త్రచికిత్సకు ముందు పుక్కిలించిన రోగులకు, చక్కెర నీటిని పుక్కిలించిన వారికంటె, గొంతులోని గొట్టమును తీసిన పిదప దగ్గు తక్కువగా వచ్చినట్లు 2013లో 236 మందిపై చేసిన పరీక్ష తెలిపినది. అది గొట్టపు రాపిడివలన వచ్చిన దగ్గే గాని జలుబువలన వచ్చినది కాదు. కరక్కాయకు ఆ యేడే గినీపందులపై చేసిన పని యొకటి యున్నది; అంతకు మించి చెప్పుట సాహసము.

పెరటిమందు గదా యని నిర్భయముగా మ్రింగుటయు తగదు. వాసిసీను గర్భాశయమును సంకోచింపజేయును గనుక గర్భవతులకు అడ్డసరము నిషిద్ధము. ఏడాది నిండని పసివారికి తేనె నాకించు మన యలవాటు మానదగినది. అందుండు సూక్ష్మబీజములవలన బొట్యులిజమను ప్రాణాంతక వ్యాధి రావచ్చును. అతిమధురము దీర్ఘకాలము వాడిన రక్తపుపోటు పెరుగును.

పూర్వులు క్షయకాసను వేరుగా నుంచిరి. రెండు వారములు దాటిన దగ్గునకు నేటి వైద్యులు కళ్లె పరీక్ష జరిపించుమనుచున్నది ఆ క్షయ యున్నదేమో కనుగొనుటకే. ఆడాతోడై యన్నను అడుళసా యన్నను, ఆ కషాయము కాచుచు ఆ పరీక్షను వాయిదా వేయరాదు.