రేడియోకు కుదిరింది, ఫోన్‌కు కుదరలేదు

మా పోచంపల్లిలో చాలామందికి మగ్గం ఇంట్లోనే. వంటా, పిల్లల చదువులూ, నేతా ఒక్క కప్పు కిందే. అందుకే ఇంటికి ఏ కొత్త వస్తువొచ్చినా ముందు మగ్గంతో పొత్తు కుదరాలి.

రేడియోకు కుదిరింది. చెవి దానికిచ్చి, కళ్లూ చేతులూ పోగులకిచ్చేవారు. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది. టీవీ కళ్లను అడిగింది గానీ, అప్పట్లో ప్రసారాలకు ఒక వేళంటూ ఉండేది.

ఫోన్ కళ్లనూ చేతులనూ రెంటినీ అడుగుతుంది, వేళాపాళా లేదు. చిటికి కట్టాలన్నా ఆ రెండే కావాలి. ముడి జరిగితే డిజైన్ కలవదు. ఆసు సంగతి వేరే. చింతకింది మల్లేశం గారు 1999లో తయారుచేసిన ఆసు యంత్రం ఆడవాళ్ల భుజాలకు నొప్పి తప్పించింది. చేతులు ఖాళీ అయిన ఇండ్లలో ఆ ఖాళీలోకి ఫోనే దూరిందేమో అనిపిస్తుంది నాకు. అట్లని వద్దనలేం, చీరల ఫొటోలూ బేరాలూ వాట్సాప్‌లోనే.

పిల్లల చేతికి మాత్రం బడి పేరుతోనే వచ్చింది. కరోనాతో బడులు మూసి ఉండగా, 2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలయ్యాయి. తర్వాత బడులు తెరిచారు, ఫోన్ మాత్రం వెనక్కి రాలేదు. చదువుకొమ్మని ఇచ్చినదాన్ని తిట్టి లాక్కుంటే పిల్లలు వింటారా?

మా ఇంట్లో రేడియో పద్ధతే పెట్టాను. పొద్దుగూకాక ఫోన్లన్నీ పాత రేడియో గూట్లోకే. పాటలైతే స్పీకర్‌లో, అందరికీ. ఆర్డర్ ఫోనొస్తే మా ఆయన లేచి గూటి దగ్గర నిలబడే మాట్లాడతారు. చిన్నోడు ఇంకా బేరమాడుతూనే ఉన్నాడు. నిన్న పది నిమిషాలు గెలిచాడు.