బ్రౌన్ నిఘంటువు, పెద్ద ఎల్

మా తెలుగు క్లాసు ఆదివారం మాత్రమే. మిగిలిన ఆరు రోజులు ఒక మాట అర్థం కాకపోతే టీచరుగారు పక్కన ఉండరు. అప్పుడు మనకి సాయం చేసే వెబ్‌సైట్లు ఎక్కడి నుంచి వచ్చాయో ఈసారి రాస్తున్నాను. చరిత్ర అంటే బోరు అనుకోకండి, ఇందులో కల్లు కూడా ఉంది!

ముందు సి.పి. బ్రౌన్. ఆయన 1798లో కలకత్తాలో పుట్టారు. మద్రాసులో తెలుగు నేర్చుకుని, 1820లో కంపెనీ ఉద్యోగం మీద కడప వెళ్ళారు. అంటే ఆయనకి కూడా తెలుగు నేర్చుకున్న భాషే, మనకంటే ఆలస్యంగా మొదలుపెట్టారు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో అచ్చయింది. ఆయన పోయాక, 1903లో సవరించిన ముద్రణ వచ్చింది. చికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు దాన్నే ఇంటర్నెట్‌లో పెట్టారు. దానికి అమెరికా విద్యాశాఖ డబ్బు ఇచ్చింది. కడపలో మొదలైన పని చికాగో మీదుగా నా లాప్‌టాప్‌కి వచ్చింది.

మా అమ్మమ్మ రాసిన ఇన్‌లాండ్ ఉత్తరాలు ఇంట్లో ఒక డబ్బాలో ఉన్నాయి. అమ్మమ్మ ఇప్పుడు లేదు. కొన్ని మాటలు అమ్మకి కూడా గుర్తు లేవు. అందుకే నాకు ఈ నిఘంటువు కావాలి.

కానీ అందులో "వస్తాను" అని వెతికితే దొరకదు, "వచ్చు" అని వెతకాలి. నా పద్ధతి ఇది: ముందు "వచ్చి" అనుకుంటాను, చివర ఇ తీసి ఉ పెడతాను. ఇచ్చి, ఇచ్చు. తిని, తిను. చాలాసార్లు పనిచేస్తుంది. "చూసి"కి మాత్రం "చూచు", "చేసి"కి "చేయు". ఇప్పటి మాటలకి గ్విన్ గారి 1991 నిఘంటువు కూడా అదే సైట్‌లో ఉంది.

ఇక టైపింగ్. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచే ఉంది, కానీ చాలా ఏళ్ళు ఒక్కో సైట్‌కి ఒక్కో ఫాంట్ కావాల్సి వచ్చేది. ఫాంట్ లేకపోతే పిచ్చి గీతలే. అప్పట్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునేవారు. దానికి హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఒక పద్ధతి తయారైంది, పేరు ఆర్‌టీఎస్. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. చిన్న ఎల్ రెండుసార్లు కొడితే కల్లు, తాగేది. పెద్ద ఎల్ అయితే కళ్ళు, చూసేవి. 2006లో వచ్చిన లేఖిని కూడా ఇదే దారి. 2007లో సిలికానాంధ్ర మనబడి మొదలయ్యేసరికి పిల్లలు ఇంట్లో కంప్యూటర్ మీద తెలుగు రాసే వీలు వచ్చేసింది.

ఇప్పుడు ఫోన్ మనం ఏం రాయాలనుకున్నామో తనే ఊహిస్తుంది. త్వరగా అయిపోతుంది, నిజమే. నేను మాత్రం హోంవర్క్ లేఖినిలోనే చేస్తాను. అది ఊహించదు, ల కావాలా ళ కావాలా నేనే చెప్పాలి.