గోధుమవన్నెకుఁ బేళ్లు

అన్యదేశ్యము చేరినచో భాష చెడునని వాదించువారు మనలోఁ బెక్కుమంది కలరు. గోధుమవన్నెకు ఐరోపావారు పెట్టుకొన్న పేళ్లను బరిశీలించిన నీ వాదమునకెంత బలము గలదో తెలియును.

ఇంగ్లీషువారును జర్మనులును ఆ వన్నెను 'బ్రౌన్' అందురు. స్వీడనువారు 'బ్రూన్' అందురు. ఇవి యేకమూలజములు. కపిలవర్ణమును, ముంగిసను దెలుపు సంస్కృత 'బభ్రు' శబ్దము వీనికి జ్ఞాతియని భాషాశాస్త్రజ్ఞుల మతము. నీట కట్టలు గట్టెడి 'బీవరు' జంతువు పేరును ఆ వంశములోనిదే.

లాటినుపుత్రిక యయ్యు ఇటాలియనుభాష తన 'బ్రూనో' పదమును జర్మానిక జాతులనుండి యెరవు తెచ్చుకొన్నది. హంగరీవారి 'బర్న'యు నట్టిదే. ఫ్రెంచివారు ఈ యెరవుతోఁ దృప్తినొందక, చెస్ట్‌నట్ కాయ పేరగు 'మరోన్'ను వన్నెకుఁ గూడ నిచ్చిరి. పోలండువారు కంచునుండియు, రష్యనులు దాల్చినచెక్కనుండియు, గ్రీకులు కాఫీనుండియుఁ బేళ్లు గల్పించుకొనిరి. దాల్చినచెక్కయుఁ గాఫీయు వారి నేలఁ బండినవి కావు, పరదేశములనుండి వచ్చినవి. సరకు నింటఁ జేరినది, దాని పేరే వన్నెకుఁ బేరైనది.

ఇందుచే నే భాషయుఁ జెడలేదు. మనమును 'కాఫీరంగు' అనుచునే యున్నాము. 'గోధుమ'యు సంస్కృతమునుండి వచ్చినదే. పదమునకుఁ బుట్టినిల్లెద్దియైనను, ఇల్లాండ్రును బిల్లలును దడుముకొనక పలికెడిదే మన పదమని మేము తలంచెదము.