గాలిని జల్లెడ పట్టే పెట్టె

శృంగవరపుకోటలో, అంటే ఎస్.కోటలో, ఏ డాబా ఎక్కి చూసినా ఒక పక్క అనంతగిరి కొండల వరస, రెండో పక్క విశాఖ వైపు సాగిపోయే మైదానం కనిపిస్తాయి. కంటికి ఇంపుగా ఉండే ఈ నేల తీరే ఊళ్లో రేడియో ఏం వినగలదో, ఏం వినలేదో తేల్చేస్తుంది. పోలీసులు, రైల్వేవాళ్లు, విమానాలు, ఓడలు వాడే వీహెచ్ఎఫ్ తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. కొండ అడ్డొస్తే అక్కడితో సరి. పది మీటర్ల ఎత్తులో ఏరియల్ పెడితే దాని చూపు పదమూడు కిలోమీటర్లకు మించదు. అదే పదివేల మీటర్ల ఎత్తున పోయే విమానానికి నాలుగు వందల కిలోమీటర్లు. అందుకే కొండకి ఆ వైపున ఉన్న వాకీటాకీ మాట ఎస్.కోటకి చేరదు. నెత్తి మీదుగా వెళ్లే విమానం పైలెట్ మాట మాత్రం వీధి చివరి మనిషి మాటంత తేటగా చేరుతుంది.

చేరిన మాటను పట్టుకోవాలంటే మామూలు రేడియో చాలదు. ఆకాశవాణి పొద్దున్నించి రాత్రి దాకా ఒకేచోట మాట్లాడుతుంది కాబట్టి ముల్లు తిప్పి స్టేషను పట్టుకుని కూర్చోవచ్చు. పైలెట్ మాట్లాడేది నాలుగు సెకన్లు, ఆ తరవాత పది నిమిషాల మౌనం. ఏ ఛానల్లో ఎవరు ఎప్పుడు నోరు తెరుస్తారో తెలియదు. అన్ని ఛానళ్లనీ సెకనుకి పదుల చొప్పున వరసగా తడుముతూ, ఎక్కడ గొంతు వినబడితే అక్కడ ఆగి, అది ముగియగానే మళ్లీ పరుగందుకునే యంత్రం కావాలి. అదే రేడియో స్కానర్. చేతిలో ఇమిడే ఈ పెట్టె వెనక తొంభై ఏళ్లు దాటిన కథ ఉంది.

పోలీసు కబుర్లతో మొదలు

1928లో అమెరికాలోని డెట్రాయిట్ పోలీసులు గస్తీ కార్లలో రేడియోలు పెట్టారు. కబురు స్టేషను నుంచి కారుకే వెళ్లేది, కారులోంచి తిరుగు జవాబు ఉండేది కాదు. 1933లో న్యూజెర్సీలోని బేయోన్ పట్టణం రెండు వైపులా మాట్లాడుకునే ఏర్పాటు చేసింది. అప్పట్లో పోలీసులు వాడే తరంగాలు మీడియం వేవ్‌కి ఆనుకునే ఉండేవి. ఇంట్లో రేడియో ముల్లు కాస్త ముందుకు జరిపితే చాలు, ఏ వీధిలో దొంగతనం జరిగిందో పోలీసు కారుతోపాటు ఇంటాయనకీ తెలిసిపోయేది. పరాయి మాటలు వినాలన్న సరదా అక్కడే పుట్టింది.

1940లో కనెక్టికట్ రాష్ట్ర పోలీసులకు డేనియల్ నోబుల్ అనే ఇంజనీరు ఎఫ్ఎం పద్ధతిలో రేడియో వ్యవస్థ కట్టిపెట్టాడు. క్రమంగా పోలీసులు, అగ్నిమాపక దళాలు వీహెచ్ఎఫ్‌కి ఎగబాకాయి. ఇంటి రేడియోకి అవి అందకుండా పోయాయి. వినేవాళ్ల కోసం ప్రత్యేకమైన రిసీవర్లు వచ్చాయి గానీ వాటితో ఒక చిక్కు. ఒక్కో ఛానలుకి ఒక్కో స్ఫటికం, అంటే క్రిస్టల్, కొని లోపల బిగించాలి. ఊరు మారితే క్రిస్టళ్లూ మార్చాలి. ఎలక్ట్రా అనే అమెరికా కంపెనీ ‘బేర్‌క్యాట్’ పేరుతో స్కానర్లు తెచ్చింది. 1970ల రెండో సగానికి క్రిస్టళ్ల అవసరం లేకుండా, మీటలు నొక్కి కావలసిన అంకె ఎక్కించుకునే రకాలు వచ్చాయి. 1980ల ఆరంభానికి అదే పనిచేసే యంత్రం చేతిలోకి వచ్చింది. తరవాత బేర్‌క్యాట్ పేరు జపాన్ కంపెనీ యూనిడెన్ పరమైంది.

బరువంతా బ్యాటరీలదే

చేతి రేడియో ఇన్నాళ్లు ఆలస్యం కావడానికి అసలు కారణం కరెంటు. రెండో ప్రపంచ యుద్ధంలో మోటరోలా కంపెనీ అమెరికా సైన్యానికి ఎస్‌సీఆర్-536 అనే సెట్టు చేసిచ్చింది. ఒక చేత్తో పట్టుకునే రేడియోల్లో అది తొలి తరంది. అందులో ఐదు వాల్వులు, బరువు రెండు కిలోల పైచిలుకు. వాల్వు వేడెక్కడానికి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఒకటి, అది పనిచేయడానికి వంద వోల్టులు దాటిన బ్యాటరీ ఇంకొకటి. ఇంతా చేస్తే నేల మీద మాట వెళ్లేది మైలు దూరం. అదే కంపెనీ 1943లో తెచ్చిన ఎస్‌సీఆర్-300 మూడు మైళ్లు వెళ్లేది గానీ దాన్ని సిపాయి వీపుకి కట్టుకుని మోయాల్సి వచ్చేది. వాకీటాకీ అన్న పేరు స్థిరపడింది ఈ వీపు మూటకే.

1947లో ట్రాన్సిస్టర్ పుట్టాక వంద వోల్టుల గొడవ తీరింది. 1954లో అమెరికాలో జేబు ట్రాన్సిస్టర్ రేడియో అమ్మకానికి వచ్చింది. మన ఊళ్లలో ట్రాన్సిస్టర్ చంకన పెట్టుకుని పొలం వెళ్లే రోజులొచ్చాక సెల్లులకు గిరాకీ పెరిగింది. 1972లో జపాన్ కంపెనీ మత్సుషిటా సహకారంతో మొదలైన ఇండో నేషనల్ నెల్లూరు నుంచి ‘నిప్పో’ సెల్లులు తయారుచేసి కిరాణా కొట్లకు చేర్చింది.

స్కానర్ కొన్నవాళ్లు మొదట తడబడేది కూడా సెల్లుల దగ్గరే. మామూలు పెన్సిల్ సెల్లు ఒకటిన్నర వోల్టులిస్తుంది, రీచార్జి సెల్లు 1.2 వోల్టులే. నాలుగు వేసే సెట్టులో మొదటి రకం ఆరు వోల్టులు, రెండో రకం 4.8 వోల్టులు. చాలా స్కానర్లలో సెల్లుల అర లోపల చిన్న స్విచ్చి ఉంటుంది. వేసింది ఏ రకమో దాంతో చెప్పాలి. మామూలు సెల్లులు వేసి, స్విచ్చి రీచార్జి వైపు ఉంచి చార్జరు తగిలిస్తే సెల్లు వేడెక్కి కారుతుంది, ఒక్కోసారి పగులుతుంది. కారిన ద్రవం లోపలి రేకులను తినేస్తే సెట్టు పోయినట్టే. బయటి అడాప్టరు వాడేటప్పుడు వోల్టులతోపాటు పిన్ను మధ్యలో ప్లస్సుందా మైనస్సుందా అన్నదీ సెట్టు మీది గుర్తుతో సరిచూసుకోవాలి.

నేటి వాకీటాకీలు ఎక్కువగా 7.4 వోల్టుల లిథియం ప్యాకుతో వస్తున్నాయి. తేలిక, చాలాసేపు నిలుస్తాయి. కానీ ఉత్తరాంధ్రలో కొనేవాళ్లు ఒక సంగతి మరవకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పుడూ, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా మీద పడినప్పుడూ కరెంటు రోజుల తరబడి లేదు. సెల్ టవర్లూ చేతులెత్తేశాయి. అలాంటప్పుడు చార్జింగు అడిగే ప్యాకు కన్నా కిరాణా కొట్టులో దొరికే పెన్సిల్ సెల్లులతో నడిచే సెట్టే ఆదుకుంటుంది.

వినడానికీ లైసెన్సు

యంత్రం సంగతి అలా తెమిలింది. మన దేశంలో దాన్ని పట్టుకునే హక్కు మాత్రం అంత తేలిగ్గా రాలేదు.

శృంగవరపుకోట అప్పటి విశాఖపట్నం జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉన్న రోజుల్లో, 1924లో సి.వి. కృష్ణస్వామి శెట్టి చొరవతో మద్రాసులో రేడియో క్లబ్బు ఏర్పడి ప్రసారాలు మొదలుపెట్టింది. అంతకు మూడేళ్ల ముందే, 1921లో, అమరేంద్ర చంద్ర గుప్తు, ముకుల్ బోస్ ఈ దేశపు తొలి హామ్‌లయ్యారు. సొంతంగా సెట్టు కట్టుకుని లైసెన్సుతో ఇతరులతో మాట్లాడే ఔత్సాహికులను హామ్‌లంటారు. 1933లో వచ్చిన ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం తేల్చిచెప్పింది: లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉంచుకోవడమే నేరం. దాంతో మాట్లాడావా, ఊరికే విన్నావా అన్న ప్రశ్న తరవాతి సంగతి.

1939లో యుద్ధం రాగానే హామ్ లైసెన్సులు రద్దయ్యాయి, సెట్లు అప్పగించమన్నారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. అదే ఏడాది ఆగస్టులో బొంబాయిలో ఉషా మెహతా, ఆమె మిత్రులు రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. దానికి ట్రాన్స్‌మిటర్ కట్టిచ్చినవాడు నరిమన్ ప్రింటర్ అనే పాత హామ్. నవంబరులో పోలీసులు వాళ్లను పట్టుకున్నారు. రేడియో చేతిలో ఉన్న మనిషిని సర్కారు ఎందుకు అనుమానంగా చూసిందో చెప్పడానికి ఈ రెండు సంఘటనలు చాలు.

దొరలు వెళ్లాకా చట్టం మిగిలింది. 1980ల వరకు ఇంట్లో పాటలు వినే రేడియోకి సైతం ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టి, లైసెన్సు పుస్తకంలో స్టాంపు వేయించుకోవాల్సిందే. పెద్దవాళ్ల ట్రంకు పెట్టెల్లో అలాంటి పుస్తకాలు ఇంకా దొరుకుతుంటాయి. 1978 నాటి ఔత్సాహిక రేడియో నిబంధనలు ఒక అడుగు ముందుకేశాయి. మాట్లాడే లైసెన్సులతోపాటు కేవలం హామ్‌ల సంభాషణ వినేవారికి ‘షార్ట్‌వేవ్ శ్రోత’ లైసెన్సు ఇచ్చాయి. వినడమూ ఒక విద్యేనని ఆ రకంగా కాగితం మీద గుర్తింపు దొరికింది.

తెలుగునాట ఈ విద్యకి పెద్ద దిక్కు 1983లో ఎస్. సూరి హైదరాబాదులో నెలకొల్పిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ. 2004 డిసెంబరులో ఆ సంస్థ బృందం భారతీ ప్రసాద్ నాయకత్వంలో అండమాన్ వెళ్లింది. ప్రపంచ హామ్‌లతో అక్కడి నుంచి మాట్లాడటం వారి పని. 26న సునామీ వచ్చింది. తీగలు తెగిన దీవుల నుంచి క్షేమ సమాచారాలు బయటికి మోసినవి వాళ్ల సెట్లే. మరుసటి ఏడు మే 5న శ్రీహరికోట నుంచి లేచిన పీఎస్‌ఎల్‌వీ-సి6 రాకెట్టు హామ్‌ల కోసమే చేసిన 42.5 కిలోల ‘హామ్‌శాట్’ని కక్ష్యలో పెట్టింది. రెండేళ్లు బతుకుతుందనుకున్న ఉపగ్రహం 2014 దాకా పలికింది.

ఎస్.కోట డాబా మీద

1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 1933 నాటి వైర్‌లెస్ చట్టాల స్థానంలో ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అక్రమంగా సందేశాలు చాటున వింటే మూడేళ్ల వరకు జైలు, రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. కాబట్టి పోలీసుల మాటలు, బొడ్డవర దాటి ఘాట్ ఎక్కే ఖనిజం రైలులో లోకో పైలెట్‌కీ వెనక ట్రైన్ మేనేజరుకీ మధ్య నడిచే మాటలు, ఆఖరికి పైలెట్ల మాటలూ సరదాకి వినేవి కావు. ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే వాకీటాకీలన్నీ లైసెన్సు లేకుండా వాడదగ్గవి కావు. వాటిని విచ్చలవిడిగా అమ్ముతున్న ఈ-కామర్స్ వేదికలకు 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులిచ్చింది. సిటిజన్ బ్యాండ్ 27 మెగాహెర్ట్జ్ ప్రాంతంలోనూ, 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్యా తక్కువ శక్తి సెట్లకు మాత్రమే లైసెన్సు మినహాయింపు ఉంది.

సక్రమమైన దారి పరీక్ష రాయడం. పన్నెండేళ్లు నిండినవారెవరైనా హామ్ పరీక్షకు కూర్చోవచ్చు. మొదటి మెట్టు ‘రిస్ట్రిక్టెడ్’ శ్రేణి. దానికి మోర్స్ అక్కర్లేదు. కాస్త రేడియో విజ్ఞానం, కాస్త నియమాలు తెలిస్తే చాలు.

లైసెన్సు చేతికొచ్చాక సెట్టు సిద్ధం చేయడం గంట పని. ముందు, మాట లేనప్పుడు వచ్చే గురగురను అణిచే స్క్వెల్చ్ మీట తిప్పాలి. గురగుర ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడ ఆపాలి. ఇంకా తిప్పితే బలహీనమైన గొంతులూ పోతాయి, తక్కువ తిప్పితే స్కానర్ గురగురనే మాటనుకుని అక్కడే నిలబడిపోతుంది. తరవాత పద్ధతి: 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ హామ్ బ్యాండుకి ఎఫ్ఎం పెట్టాలి. ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు పుట్టించే మోత ఏ ఛానల్లో తగులుతుందో గమనించి, ఆ ఛానలుని దాటేయమని సెట్టుకి చెప్పాలి. వందల ఛానళ్లు నింపితే ఒక చుట్టు తిరిగేలోపు మాట ముగిసిపోతుంది. పదో ఇరవయ్యో చాలు.

ఏరియల్ విషయంలో పిసినారితనం పనికిరాదు. సెట్టుతో వచ్చే పొట్టి రబ్బరు ఏరియల్ రాజీ సరుకు. ఏడు వేల ఐదు వందలని మెగాహెర్ట్జ్ అంకెతో భాగిస్తే పావు తరంగం పొడవు సెంటీమీటర్లలో వస్తుంది. హామ్ బ్యాండుకి అది దాదాపు యాభై రెండు. ఆ పొడవున్న తీగ నిలువుగా నిలబెడితే తేడా చెవికే తెలుస్తుంది.

మొదట ఏం వినాలి? 145.800 మెగాహెర్ట్జ్. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు విద్యార్థులతో మాట్లాడేది అక్కడే. 2025 జూలైలో భారత వ్యోమగామి శుభాంశు శుక్లా కూడా అక్కడి నుంచి హామ్ రేడియో మీద మన పిల్లలతో మాట్లాడారు. కేంద్రం నెత్తి మీదుగా పోయేది పది నిమిషాలే. ఆకాశం నుంచి వచ్చే మాటకి అనంతగిరి కొండలు కూడా పెద్దగా అడ్డు రావు కనుక ఎస్.కోట లాంటి ఊరికి ఇంతకన్నా అనువైన మొదటి పాఠం లేదు.

పోలీసు, భద్రతా దళాలు ఒక్కొక్కటీ గూఢలిపి డిజిటల్ సెట్లకు మారుతున్నాయి. వాళ్ల ఛానల్లో స్కానర్‌కి రొద తప్ప ఏమీ దొరకదు. డెట్రాయిట్ రోజుల నాటి చాటు వినికిడి సరదా అలా తనంతట తానే ముగుస్తోంది. మిగిలేది హామ్‌ల గాలి. అక్కడ మాట్లాడేవాళ్లు ఎవరైనా వినాలనే మాట్లాడతారు. చార్జింగు చిక్కు సెల్లులు తీర్చాయి, క్రిస్టళ్ల చిక్కు చిప్పులు తీర్చాయి, అనుమతి చిక్కు ఒక పరీక్షతో తీరుతుంది. మళ్లీ తుపాను వచ్చి టవర్లు కూలితే ఎస్.కోట నుంచి బయటికి కబురు పంపగలిగేది, ఆ పరీక్ష ముందే రాసి, నాలుగు పెన్సిల్ సెల్లులు ఇంట్లో ఉంచుకున్నవాళ్లే.