రంప పోరాటంలో మందుగుండు కొరత

రంప పోరాటంలో మందుగుండు కొరత అనేది 1922–24 సంవత్సరాలలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన గోదావరి, విశాఖపట్నం ఏజెన్సీ ప్రాంతాలలో జరిగిన సాయుధ పోరాటం గమనాన్ని నిర్ణయించిన ముఖ్యమైన అంశాలలో ఒకటి. ఈ పోరాటానికి ఆయుధ కర్మాగారం గానీ, ఆయుధాలు సరఫరా చేసే మిత్రరాజ్యం గానీ లేవు. ప్రభుత్వ పోలీసు స్టేషన్లే దళానికి ఆయుధాగారాలు. స్టేషన్లలో తూటాలు దొరికినంతకాలం దళం ముందడుగు వేసింది. ప్రభుత్వం వాటిని అక్కడినుండి తరలించిన తరువాత క్రమంగా ఆత్మరక్షణలో పడింది.

నేపథ్యం

గోదావరి డెల్టాకు ఎగువన, పాపికొండలకు ఇరువైపులా విస్తరించిన అటవీ ప్రాంతాన్ని మన్యం అంటారు. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడు వ్యవసాయాన్ని, అటవీ ఉత్పత్తుల సేకరణను కట్టడి చేసింది. రోడ్ల నిర్మాణంలో వెట్టిచాకిరి, చిన్న అధికారుల దౌర్జన్యాలు ప్రజలలో తీవ్ర అసంతృప్తిని కలిగించాయి. అంతకు ముందే 1879లో చిగురుపన్ను, మన్సబుదారు వేధింపులు కారణంగా రంపలో తిరుగుబాటు జరిగింది. అప్పుడు కూడా తిరుగుబాటుదారులు పోలీసు స్టేషన్లపై దాడులు చేసారు. వారి నాయకులలో ఒకడైన ద్వారబంధాల చంద్రయ్య అడ్డతీగల స్టేషనును తగులబెట్టాడు. అతడు 1880లో మరణించాడు.

ఆయుధాల విషయంలో ఈ రెండు పోరాటాలకూ ఒకే చట్టం అడ్డుగా నిలిచింది. వైస్రాయి లిట్టన్ కాలంలో వచ్చిన 1878 ఆయుధ చట్టం ప్రకారం భారతీయులు లైసెన్సు లేకుండా తుపాకీ గానీ, మందుగుండు గానీ కలిగి ఉండడం నేరం. 1884లో వచ్చిన పేలుడు పదార్థాల చట్టం తయారీ, నిల్వ, రవాణాలను కూడా ప్రభుత్వ అదుపులోకి తెచ్చింది.

నాటు మందు, కర్మాగారపు తూటా

మన్యంలో వేటకు విల్లంబులతో పాటు నాటు తుపాకులను కూడా వాడేవారు. నాటు తుపాకీలో గొట్టం మూతి నుండి మందు, గుండు దట్టించి పేల్చాలి. దీనికి కావలసిన నల్లమందును సూరేకారం, గంధకం, బొగ్గుల మిశ్రమంతో తయారుచేస్తారు. బొగ్గు అడవిలోనే లభిస్తుంది. సూరేకారాన్ని కొన్ని రకాల మట్టి నుండి తీయవచ్చు. గంధకాన్ని మాత్రం బజారులో కొనవలసిందే. ఈ మందు తేమను త్వరగా పీల్చుకుంటుంది, చెమ్మగిల్లితే పేలదు. వానలు అధికంగా కురిసే కొండ ప్రాంతంలో దీనిని పొడిగా ఉంచడం కష్టమైన పని. పైగా ఒకసారి పేల్చిన తరువాత మళ్ళీ దట్టించడానికి సమయం పడుతుంది.

పోలీసు తుపాకుల సంగతి వేరు. వాటి తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే పేలుడు టోపీ, లోపల మందు, కొనన గుండు. పేల్చిన తరువాత తొడుగు మిగులుతుంది. దానికి కొత్త టోపీ, మందు, గుండు అమర్చితే మళ్ళీ పనికివస్తుంది. అమెరికా వంటి దేశాలలో గురి సాధన చేసేవారు కొందరు ఇటువంటి తూటాలను ఇంటివద్దనే తయారుచేసుకుంటారు. అయితే టోపీని, పొగరాని మందును వారు కూడా కర్మాగారాల నుండి కొనవలసినదే. అందుచేత మార్కెట్లో సరుకు తగ్గితే వారి పని కూడా ఆగిపోతుంది.

1920లలో భారతదేశంలో ఈ సరుకు ప్రభుత్వ కర్మాగారాలలో తయారయ్యేది. కలకత్తా సమీపంలోని డమ్‌డమ్‌లోను, పూనా దగ్గర కిర్కీలోను తూటాల కర్మాగారాలు, నీలగిరులలోని అరువంకాడులో కార్డైటు అనే పొగరాని మందు కర్మాగారం ఉండేవి. మన్యంలో అటువంటిదేదీ లేదు. కనుక దళం చేతిలోని పోలీసు తుపాకీకి విలువ దానితో పాటు దొరికిన తూటాలను బట్టే ఉండేది.

మూడు దాడులు

ఆయుధాల కోసం రాజు దళం 1922 ఆగస్టులో వరుసగా మూడు రోజులు మూడు స్టేషన్లపై దాడి చేసింది.

ఆగస్టు 22, చింతపల్లి: సుమారు 300 మంది పాల్గొన్న ఈ దాడిలో 11 తుపాకులు, 1390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు లభించాయి.

ఆగస్టు 23, కృష్ణదేవుపేట: 7 తుపాకులు, కొంత మందుగుండు లభించాయి.

ఆగస్టు 24, రాజవొమ్మంగి: 8 తుపాకులు, 825 తూటాలు లభించాయి. ఇక్కడ బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించారు.

స్టేషను నుండి ఏయే వస్తువులు తీసుకున్నదీ రికార్డు పుస్తకంలో వ్రాసి రాజు సంతకం చేసాడు. మూడు దాడులలో మొత్తం 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు దళం వశమయ్యాయి. అంటే ఒక్కొక్క తుపాకీకి సుమారు వంద తూటాలు. తరువాతి పోరాటానికి ప్రధానమైన మూలధనం ఇదే.

1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో దళం మాటువేసింది. ముందు నడుస్తున్న భారతీయ సిబ్బందిని పోనిచ్చి, వెనుక వస్తున్న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్లేయ అధికారులను కాల్చి చంపింది. భారతీయులపై కాల్పులు జరపరాదన్నది రాజు నియమం. కొద్ది తూటాలతో పెద్ద ఫలితం రాబట్టే మాటు యుద్ధం తూటాలు తక్కువగా ఉన్న దళానికి అన్నివిధాలా అనుకూలమైనది.

ప్రభుత్వ ప్రతిచర్య

మూడు దాడుల తరువాత ప్రభుత్వం మన్యంలోను, చుట్టుపక్కల ఉన్న స్టేషన్ల నుండి తుపాకులను, తూటాలను జిల్లా కేంద్రాలకు తరలించింది. దీని ఫలితం అక్టోబరులో కనిపించింది. రాజు ముందుగా కబురు పంపి మరీ అక్టోబరు 15న అడ్డతీగల స్టేషనుపై దాడి చేసాడు. పోలీసులు ఎదిరించలేకపోయారు గాని ఆయుధాలు దొరకలేదు. అక్టోబరు 19న పట్టపగలే రంపచోడవరం స్టేషనును ముట్టడించినప్పుడు కూడా ఇదే జరిగింది. స్టేషన్లు లొంగిపోతున్నా, దళానికి కావలసిన మందుగుండు మాత్రం వాటిలో లేకుండా పోయింది.

మరోవైపు ప్రభుత్వ సరఫరాకు లోటు లేదు. రాజమండ్రి వద్ద గోదావరిపై హేవలాక్ వంతెన 1900లో పూర్తయింది. దానితో మద్రాసు, కలకత్తాల నుండి రైలు మార్గం మన్యం అంచున ఉన్న స్టేషన్ల వరకు ఏర్పడింది. మలబారు ప్రత్యేక పోలీసు దళాలు, వాటికి కావలసిన సరుకు ఈ ప్రాంతానికి చేరాయి.

పెదగడ్డపాలెం పోరు

1922 డిసెంబరు 6న పెదగడ్డపాలెం వరిచేలలో దళానికి మొదటి ఎదురుదెబ్బ తగిలింది. ప్రభుత్వ సేనలు లూయీ తుపాకులను ప్రయోగించాయి. పగటి పోరులో నలుగురు, ఆ రాత్రి జరిగిన పోరులో మరో ఎనిమిది మంది విప్లవకారులు మరణించారు. కొన్ని ఆయుధాలు ప్రభుత్వ సేనల చేజిక్కాయి.

లూయీ తుపాకీ నిమిషానికి దాదాపు 500 గుళ్ళు కాల్చగల మరతుపాకీ. మూడు స్టేషన్లలో దళం సంపాదించిన తూటాలన్నీ అటువంటి ఒక్క తుపాకీ అయిదు నిమిషాలపాటు ఆగకుండా కాల్చే గుళ్ళకు దాదాపు సమానం. ఇరుపక్షాల బలాబలాలలోని తేడా ఈ లెక్కతో తెలుస్తుంది.

అన్నవరం

దీని తరువాత నాలుగు నెలలపాటు దళం బయటపడలేదు. 1923 ఏప్రిల్ 17న రాజు కొద్దిమంది అనుచరులతో అన్నవరంలో ప్రత్యక్షమయ్యాడు. పోలీసులు అతడిని ఎదిరించలేదు. రాజు కొండపైకి వెళ్ళి సత్యనారాయణస్వామిని దర్శించుకున్నాడు. అక్కడ ఒక పత్రికా విలేఖరితో మాట్లాడుతూ తనకు మనుషులకు కొదవలేదని, తుపాకులు, మందుగుండు మాత్రమే కావాలని చెప్పినట్లు నాటి కథనాల ద్వారా తెలుస్తున్నది.

ముగింపు దశ

1923 సెప్టెంబరులో దళ ముఖ్యుడైన గాం మల్లుదొర పట్టుబడ్డాడు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ దళాలు మన్యానికి వచ్చాయి. 1924 మే 7న రాజును మంప వద్ద పట్టుకొని, కొయ్యూరులో విచారణ లేకుండా కాల్చి చంపారు. జూన్ 7న గాం గంటందొర పోరాడుతూ మరణించాడు. దానితో పోరాటం ముగిసింది.

మందుగుండు కొరత ఒక్కటే ఓటమికి కారణం కాదు. పోరాటం మైదాన ప్రాంతానికి విస్తరించకపోవడం, ఆశ్రయమిచ్చిన గ్రామాలపై ప్రభుత్వ నిర్బంధం, ముఖ్య నాయకులు పట్టుబడడం కూడా కారణాలే. అయితే తూటాల రాక ఆగిన తరువాత, ఎంతమంది కొత్తగా చేరినా దళం కాల్పుల శక్తి పెరిగే అవకాశం లేకపోయింది.

ఇతర పోరాటాలతో పోలిక

1930 ఏప్రిల్ 18న సూర్యసేన్ నాయకత్వాన చిట్టగాంగ్ ఆయుధాగారంపై దాడి చేసిన విప్లవకారులకు తుపాకులు దొరికాయి గాని వాటి తూటాలు దొరకలేదు. తెలంగాణ సాయుధ పోరాటం (1946–51) తొలిదశలో రైతులు గుత్పలు, వడిసెలలు, నాటు తుపాకులైన బర్మార్లతో పోరాడారు.

చట్టం

1878 నాటి చట్టం స్థానంలో 1959 ఆయుధ చట్టం వచ్చింది. ఇది 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఈ చట్టం ప్రకారం కూడా తుపాకులకు, తూటాలకు లైసెన్సు తప్పనిసరి.

ఇవి కూడా చూడండి

అల్లూరి సీతారామరాజు
రంప తిరుగుబాటు (1879)
గాం గంటందొర
చింతపల్లి
రంపచోడవరం