కడుపు దాటిన పాములు

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు పాతకాలపు ఇళ్లలో పిల్లాడు నిద్రలో పళ్లు కొరికాడంటే చాలు, తెల్లారి పరగడుపునే ఆముదం పట్టించేవారు. మోటువైద్యమే అయినా దానికో లెక్కుంది: పాములుండేది కడుపులో, పోవాల్సింది కిందికి. ఏలికపాము మాత్రం ఆ లెక్కకు లొంగదు.

1922లో జపాన్ వైద్యుడు షిమేసు కోయినో ఆ సంగతి తన ఒంటిమీదే తేల్చుకున్నాడు. ఏలికపాము గుడ్లు 2,000 మింగేశాడు. కొద్దిరోజులకు జ్వరం, ఆయాసం, దగ్గు. కళ్లె తీసి మైక్రోస్కోపు కింద పెడితే అందులో పిల్లపురుగులు! పేగులో గుడ్డు పగిలి బయటపడ్డ పిల్ల, పేగు గోడ తొలుచుకుని రక్తంలో పడుతుంది. కాలేయం మీదుగా ఊపిరితిత్తులకు చేరి, గొంతుదాకా ఎగబాకి, మింగుడుపడి మళ్లీ పేగులోకే వస్తుంది. పుట్టినచోటే ఉండిపోక ఈ ప్రదక్షిణ దేనికో! 1932లో స్విట్జర్లాండ్ వైద్యుడు విల్హెల్మ్ లోఫ్లర్ ఎక్స్‌రేలో కనబడి కొన్నాళ్లకే మాయమయ్యే ఊపిరితిత్తి మచ్చల గురించి రాశాడు. ఈ పిల్లపురుగులే వాటికి ఒక కారణమని తర్వాత తెలిసింది.

ఇలాంటి చిక్కుముడే 1940లో మన మదనపల్లెకూ వచ్చింది. అక్కడి ఆరోగ్యవరం క్షయ శానిటోరియంలో కొందరు రోగులకు దగ్గు, ఎక్స్‌రే నిండా చుక్కలు. చూస్తే క్షయే అనిపిస్తుంది. రక్తంలో మాత్రం ఇసినోఫిల్ అనే తెల్లకణాలు విపరీతం. ఫ్రిమోట్‌మోలర్, బార్టన్ అనే వైద్యులు దీన్ని క్షయను పోలిన వేరే జబ్బుగా గుర్తించి ఇండియన్ మెడికల్ గెజిట్‌లో రాశారు. ఆ రోజుల్లో క్షయ ముద్ర పడితే కంచం వేరు, మంచం వేరు, ఇంట్లో ఆడపిల్లకు సంబంధాలు రావు. లేని రోగానికి ఆ శిక్ష అనుభవించినవాళ్లు ఎందరో!

ఇక్కడ దోషి ఏలికపాము కాదు, బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు. 1960లో వెల్లూరు వైద్యులు ఊపిరితిత్తి కణజాలంలోనే దాని పిల్లల్ని చూపించారు. కాలవగట్ల వెంట దోమలతో కాపురం చేసే డెల్టాకు బోదకాలు పరాయిది కాదు.

మందు అంతకుముందే వచ్చింది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో వెలికితెచ్చిన హెట్రజాన్ అది. బోదకాలు పురుగు కోసం పుట్టిన ఆ మందును పిల్లల ఏలికపాములకూ వాడారు. ఆయన మరుసటి ఏడాదే కన్నుమూశారు. ఏలికపాములకు ఇప్పుడు బడిలో ఇచ్చే ఆల్బెండజోల్ బిళ్ల సరిపోతోంది. మదనపల్లెలో గుర్తించిన ఆ జబ్బుకు, అంటే ఊపిరితిత్తుల ఇసినోఫిలియాకు మాత్రం డాక్టర్లు నేటికీ సుమారు మూడు వారాలు సుబ్బారావుగారి మందే రాస్తారు.