కరిసల్ నేల కథలు: కళ్లం నుంచి సంకలనం దాకా

తమిళనాడు దక్షిణాన కోవిల్పట్టి, సాత్తూరు, శివకాశి, వెంబకోట్టై, విరుదునగర్ చుట్టూ పరుచుకున్న నల్లరేగడిని అక్కడివాళ్లు కరిసల్ నేల అంటారు. వానను నమ్ముకున్న సేద్యం. పత్తి, సజ్జ, జొన్న పండే ఊళ్లు. వైప్పారు ఒడ్డునున్న వెంబకోట్టైలో 2022లో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టినప్పుడు శంఖు గాజులు, గాజు పూసలతో పాటు కాల్చిన మట్టితో చేసిన ఆటబిళ్లలు కూడా దొరికాయి. తెలుగు కుటుంబాలు ఈ నేలకు వచ్చింది ఆ వస్తువులు వాడిన కాలానికి చాలా తర్వాత. కమ్మవారు, రాజకంబళం నాయకులు, రెడ్లు, అరుంధతీయులు ఇక్కడ శతాబ్దాలుగా స్థిరపడి ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ తమిళం. లోకంలో జరగని వింతలను నవ్విస్తూ చెప్పే కథ ఈ నేల మీద మొదట నోటి సొత్తు. అది పత్రికకెక్కి, పుస్తకమై, సంకలనంలో చోటు సంపాదించుకోవడానికి సుమారు వందేళ్లు పట్టింది.

అన్నిటికన్నా పాత పొర వలస గాథలది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాల, తెగల సంపుటాల్లో కంబళం వారు చెప్పుకునే గాథ ఒకటి ఉంది. శత్రువులు తరుముతుంటే పారిపోతున్న జనానికి దాటరాని ఏరు అడ్డమొచ్చింది. అప్పుడు రెండు ఒడ్డుల మీది కానుగ చెట్లు ఒకదాని వైపు ఒకటి వంగి వంతెనగా నిలిచాయట. అవతలి గట్టుకు చేరిన వాళ్ల సంతతికి కానుగ పూజనీయమైంది. పాంచాలంకురిచ్చి కోట పుట్టుక గురించి చెప్పే గాథ ఇంకా కొంటెది. వేటకుక్కలను చూసి పరుగెత్తాల్సిన కుందేలు ఎదురు తిరిగి వాటినే తరిమింది. ఆ చోట ఏదో మహిమ ఉందని పాలెగాడు అక్కడే కోట కట్టించాడు. అదే కోటను ఏలిన వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఈస్టిండియా కంపెనీ 1799లో కయత్తారులో ఉరి తీసింది. వింత కథ చరిత్రకు ఇంత దగ్గరగా మసలడం ఈ సీమ ప్రత్యేకత. చెప్పేవాళ్లకు కుందేలూ కట్టబొమ్మనూ ఒకే వరసలో వస్తారు.

అచ్చులో తొలి అడుగు ఎట్టయాపురంలో పుట్టిన సుబ్రహ్మణ్య భారతిది. 1882లో పుట్టిన ఆయన చిన్ననాడు తెలుగు మూలాలున్న ఎట్టయాపురం జమీందారు కొలువులో మసలినవాడు. 1910లో పుస్తకంగా వచ్చిన ‘జ్ఞానరథం’లో కథకుడు ఊహారథమెక్కి లోకాలు తిరిగి వస్తాడు. ‘కాక్కాయ్ పార్లిమెంట్’లో కాకులు సభ చేస్తాయి. అసంపూర్తిగా మిగిలిన ‘చిన్న శంకరన్ కథై’లో ఓ జమీందారు కొలువునే ఎగతాళికి పెట్టాడు. తమిళ వచనంలో ఊహనూ వెటకారాన్నీ కలిపిన తొలి రచనల్లో ఇవి ముందుంటాయి. ఈ సంగతి భారతిని కవిగా మాత్రమే తలచుకునేవారికి తరచూ గుర్తుకు రాదు.

ఈ కథను నడిపించిన మనిషి మాత్రం కి. రాజనారాయణన్. అందరికీ కి.రా. కోవిల్పట్టికి దగ్గరి ఇడైసెవల్‌లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టాడు. బడి చదువు పెద్దగా సాగలేదు. కమ్యూనిస్టుగా రైతు పోరాటాల్లోకి వెళ్లి జైలు చూశాడు. అదే ఊరివాడైన కు. అళగిరిసామి ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. అళగిరిసామి ముందు రచయితై మద్రాసు, మలయా తిరిగాడు. 1970లో కన్నుమూశాక ‘అన్బళిప్పు’ కథలకు సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. కి.రా. ఊళ్లోనే ఉండి సేద్యం చేశాడు. తొలి కథ ‘మాయమాన్’ 1959లో అచ్చయ్యేసరికి ముప్పై అయిదు దాటాయి.

ఆయన ‘కదవు’ కథ చదివితే కరిసల్ ఊహ పనిచేసే తీరు తెలుస్తుంది. లక్ష్మి, శ్రీనివాసన్ అనే పిల్లలకు ఇంటి తలుపే బస్సు. వీధి పిల్లలంతా టిక్కెట్లు కొని తలుపు పట్టుకుని వేలాడతారు, ఒకరు ముందుకూ వెనక్కూ తోస్తారు, బస్సు తిరునెల్వేలికి పోతుంది. అగ్గిపెట్టె బొమ్మ ఒకటి దొరికితే దాన్ని ఆ తలుపుకే అతికిస్తారు. శివకాశి, కోవిల్పట్టి అగ్గిపెట్టెల కార్ఖానాల సీమలో పిల్లల చేతికి తేలిగ్గా చిక్కే రంగుల బొమ్మ అదే. తండ్రి పనికోసం దూరం పోయాడు, జాబు రాలేదు, పన్ను బకాయి పేరున తలారి ఆ తలుపునే ఊడబీకి మోసుకుపోతాడు. అప్పటిదాకా నవ్వించిన ఆట తలుపు లేని గుమ్మం దగ్గర ఆగిపోతుంది. తమిళంలో ఇంత చిన్న కథలో ఇంత చేసినవాళ్లు తక్కువ.

1976లో వచ్చిన ‘గోపల్ల గ్రామం’ వలస గాథను నవలగా చేసింది. వందేళ్లు దాటిన మంగత్తాయారు అమ్మాళ్ నోట తెలుగు నేల నుంచి పారిపోయి వచ్చిన కమ్మవారి కథ నడుస్తుంది. చెన్నాదేవి అనే అందగత్తెను తురక ప్రభువు కోరడంతో ఆ జనం కట్టుబట్టలతో దక్షిణానికి బయల్దేరుతారు. దాని కొనసాగింపైన ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడెమీ పురస్కారం దక్కింది.

సంకలనాల చరిత్ర ఇక్కడే ఊపందుకుంది. 1982లో కి.రా. కరిసల్ పలుకుబడికి ఒక నిఘంటువు కూర్చాడు. 1984లో ఈ సీమ రచయితల కథలను ఏరి ‘కరిసల్ కదైగళ్’ వెలువరించాడు. ఎండిన నేల రచయితలు ఒకే అట్టల మధ్య చేరేసరికి, వాళ్లు రాసేది ఊరి ముచ్చట కాదని, ఒక సాహిత్య ప్రాంతమని పాఠకులకు తెలిసింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో ఈ చుట్టుపక్కల నుంచి సాహిత్య అకాడెమీ గడప తొక్కినవారు వరసగా వచ్చారు. మేలాణ్మరైనాడుకు చెందిన మేలాణ్మై పొన్నుసామి కథా సంపుటం ‘మిన్సారప్పూ’కు 2007లో, పూమణి ‘అజ్ఞాడి’కి 2014లో, చో. ధర్మన్ ‘సూల్’కు 2019లో పురస్కారాలు వచ్చాయి. పొన్నుసామి అయిదో తరగతితో చదువు ఆపి చిల్లర కొట్టు నడుపుకున్న మనిషి. కోవిల్పట్టి నుంచే వెలువడిన ‘కల్‌కుదిరై’ పత్రిక గార్సియా మార్క్వెజ్ మీద ప్రత్యేక సంచిక తెచ్చింది. ఎక్కడో కొలంబియా రచయిత రాసిన మాయా వాస్తవం ఇక్కడి పాఠకులకు పరాయిదిగా తోచి ఉండదు. కానుగ చెట్టు వంగిన కథ విని పెరిగినవాళ్లు వాళ్లు.

రాత కథలతో పాటే కి.రా. నోటి కథలనూ పోగుచేశాడు. 1980లలో పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఆయన్ను జానపద ఆచార్యుడిగా పిలుచుకుంది. డిగ్రీ లేని రైతును ఆచార్యుడి కుర్చీలో కూర్చోబెట్టిన ఆ నిర్ణయానికి ఎంత గౌరవమిచ్చినా తక్కువే. దెయ్యాలు, మాట్లాడే జంతువులు, తెలివితక్కువ అల్లుళ్లు, ఏమార్చే పెళ్లాలు ఈ కథల నిండా ఉంటారు. పెద్దవాళ్లు పిల్లలు లేనప్పుడు చెప్పుకునే మోటు కథలను కూడా ఆయన వదల్లేదు. ‘తాయ్’ వారపత్రికలో వాటిని అచ్చువేయించాడు, ‘వయదు వందవర్గళుక్కు మట్టుం’ పేరున పుస్తకం చేశాడు. నిష్ఠాపరులు ముఖం చిట్లించారు. కానీ వాటిని తీసేస్తే ఆ నేల నవ్వులో సగం పోతుంది, ఏరివేతకు ఒప్పుకోకపోవడమే ఆయన చేసిన పెద్ద మేలు. 2007లో ఈ పోగంతా ‘నాట్టుప్పుర కదైక్ కళంజియం’గా 944 పుటల్లో వచ్చింది. సంపాదకుడిగా ఆయన పద్ధతి సూటిగా ఉండేది: చెప్పినవారి గొంతు పోకూడదు. పండిత భాషలోకి దిద్దడం ఆయనకు గిట్టదు.

ఆ కళంజియంలోంచి ఏరిన కథలను ప్రీతం చక్రవర్తి ఇంగ్లీషులోకి తెచ్చింది. ట్రాట్‌స్కీ మరుదు బొమ్మలతో 2009లో చెన్నైలోని బ్లాఫ్ట్ ప్రచురణ సంస్థ అచ్చువేసింది. ఆ సంస్థే అంతకు ఏడాది ముందు తమిళ చవక నవలల సంకలనాన్ని తెచ్చింది. అందులో అపరాధ పరిశోధకులు, పిచ్చి శాస్త్రవేత్తలు, పగబట్టిన ప్రేతాలు ఉంటాయి. 2024లో అదే సంస్థ కులానికి ఎదురు నిలిచే సైన్స్ ఫిక్షన్ సంకలనాన్నీ వెలువరించింది. అలా కరిసల్ కళ్లాల మీద పుట్టిన కథలు ఊహా సాహిత్యమని పిలిచే కొత్త అలమరలో చేరాయి. జానపద శాస్త్రవేత్తల అలమర కన్నా అదే వాటికి నప్పిన చోటు. అక్కడికొచ్చే పాఠకుడు నవ్వడానికీ జడుసుకోవడానికీ వస్తాడు, ఆ కథలు చెప్పినవారు కోరిందీ అదే. ‘కరిసల్ కదైగళ్’ కూడా పద్మా నారాయణన్ అనువాదంలో 2020లో ఇంగ్లీషు పాఠకులకు అందింది.

ఇంత ప్రయాణంలోనూ ఒక లోటు మిగిలిపోయింది. తెలుగు ఇళ్లలో అవ్వలు తెలుగులో చెప్పిన కథ అచ్చులో తమిళమై, ఆపైన ఇంగ్లీషైంది. మొదట చెప్పిన భాషలో అది కాగితమెక్కింది చాలా తక్కువ. దానికి కారణం బడి. ఈ ఊళ్లలో తరతరాలు తమిళంలోనే అక్షరాలు దిద్దాయి, తెలుగు లిపి రానివాళ్లకు తెలుగులో రాయడం అనేదే లేదు. కి.రా. తన తమిళంలోకి ఇంటి తెలుగు పలుకులను తీసుకురావడం వల్ల కొంత నిలిచింది.

కి.రా. 2021 మే 17న పుదుచ్చేరిలో కన్నుమూశాడు. తమిళనాడు ప్రభుత్వం ఆయన అంత్యక్రియలు ఇడైసెవల్‌లో ప్రభుత్వ లాంఛనాలతో జరిపించి, కోవిల్పట్టిలో స్మారక భవనం కట్టించింది.